శ్రీ అనే ఫోల్డరు

ప్రతి ఇన్‌స్టాలరూ ఒకచోట ఆగి ఒక ప్రశ్న అడుగుతుంది, నన్ను ఎక్కడ పెట్టమంటారు అని. జవాబు కూడా తెల్లటి గడిలో తనే రాసి పెట్టుకుని ఉంటుంది: సి డ్రైవు, ప్రోగ్రామ్ ఫైల్స్, దాని లోపల కంపెనీ పేరు. ఎక్కువ మంది ఆ గడి వంక చూడకుండానే 'నెక్స్ట్' నొక్కేస్తారు. చూసి, ఆ రాత చెరిపి, తమకు కావలసిన చోటు రాసుకునేవాళ్లు కొద్దిమంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో నాకు జీతం వచ్చింది ఆ కొద్దిమంది వల్లే.

మా కంపెనీ బెంగుళూరు శివారు జిగణిలో, గ్రానైటు రాళ్లు నునుపు చేసే ఒక షెడ్డు పక్క మేడ మీద ఉండేది. పొద్దస్తమానం రాయి కోసే రంపం మోత, కీబోర్డుల మీద సన్నటి తెల్ల పొడి. చీరల డిజైన్లు కంప్యూటర్లో గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లం. అంచయినా, బుటా అయినా, కొంగయినా తెర మీది గళ్లలో చుక్కలుగా నింపుకుని, ఆ ఫైలును ఫ్లాపీలో తీసుకెళ్లి ఇస్తే అట్టలకు కన్నాలు కొట్టి ఇస్తారు. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే కింద బట్టలో బొమ్మ పడుతుంది. ధర్మవరం, కంచి, సేలం, దొడ్డబళ్ళాపురం... మా దగ్గర కొన్నవాళ్లందరూ నేతవాళ్లే.

నేను టెస్టింగ్‌లో ఉండేవాణ్ణి. ఇన్‌స్టాలరు నా వంతు. ఆ తెల్లటి గడిలో మనుషులు ఏమేమి రాయగలరో ఒక జాబితా వేసుకున్నాను. ఒకటి, పేరు మధ్యలో ఖాళీ ఉన్న ఫోల్డరు. రెండు, ఆ యంత్రంలో అసలు లేని డ్రైవు. మూడు, ఉత్త డ్రైవు పేరు, దాని వెనక ఏమీ లేకుండా. నాలుగు, ఫ్లాపీ. ఐదు, ఇప్పటికే సొంత ఫైళ్లు ఉన్న ఫోల్డరు.

మొదటి నాలుగూ కూర్చుని ఆలోచిస్తే తోచినవి. ఐదోది మా మేనమామ చేయగా చూసింది.

మామ ఇల్లు బెంగుళూరు నడిబొడ్డున బళేపేటలో, గాజుల కొట్ల వెనక సందులో. కింద కరెంటు మగ్గాలు, మీద కాపురం. మావాళ్లు ఎప్పుడు ఆ ఊరు చేరారో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. అంచులు గీయడంలో మామకు పేటలో పేరుంది. ఆయన తండ్రికి, అంటే మా తాతకు, ఇంకా పెద్ద పేరు. తాత గీసినవన్నీ గళ్ల కాగితాల మీద ఉండేవి. కంప్యూటరు కొన్నాక మామ ఆ కాగితాలు పక్కన పెట్టుకుని, గడి తర్వాత గడి చూసుకుంటూ ఒక్కో డిజైనూ లోపలికి ఎక్కించాడు. ముందు తాతవి, ఆ తర్వాత తనవి. ఏళ్లు పట్టింది. షుగరు వల్ల ఎడమ కన్ను అప్పటికే మసకబారి ఉంది. పని పూర్తయ్యేసరికి కుడి కన్ను కూడా సగం పోయింది. గీసింది మళ్లీ గీయగల చూపు ఇక ఆయనకు లేదు.

కాగితాలకు చెదలు పట్టాయి. మామూలు కాగితాలైతే పాత సామాన్లవాడికి వేసేవాళ్లే. కానీ ప్రతిదాని తలన 'శ్రీ' అని ఉంది. శ్రీ రాసిన కాగితాన్ని మా ఇళ్లలో చెత్తలో వేయరు, కాల్చరు, పొట్లాలకు వాడరు. శ్రీరంగపట్నం పోయినప్పుడు మూట కట్టి తీసుకెళ్లి కావేరిలో కలిపి వచ్చారు. "కంప్యూటర్లో ఉండాయి కదప్పా, ఇంగ భయమేమి?" అని మామ అందరికీ తానే సర్దిచెప్పాడు. కొన్నిటిని ఫ్లాపీల్లోకి కూడా ఎత్తాడు. ఆ ఇంటి తేమకు ఫ్లాపీలు బూజు పట్టి ఒక్కొక్కటే చదవడం మానేశాయి.

కంప్యూటరు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పటికి ఇంజనీరింగ్ చదువుతున్నాను. యంత్రాన్ని బిగించి ఇచ్చిన మనిషి "సి మిషన్‌ది, డి మీది" అని చెప్పి వెళ్లిపోయాడు. డి డ్రైవులో మామ మొట్టమొదట చేసిన ఫోల్డరు పేరు SRI. ఏ పుస్తకం తెరిచినా ముందు శ్రీ రాయకుండా ఆయన చెయ్యి కదలదు. ఆ తర్వాత డిజైన్ల సాఫ్ట్‌వేర్, నేను తర్వాత చేరిన కంపెనీదే, వేస్తుంటే ఆ తెల్లటి గడి వచ్చి నిలబడింది.

"ఏమప్పా ఇది, ఏందో అడగతా ఉండాది?"

"ఎక్కడ పెట్టమంటావు అంటోంది మామా. అదే రాసుకుంది కదా, నెక్స్ట్ నొక్కు."

"వాళ్లకు ఇష్టమొచ్చిన చోట పెట్టుకుంటే రేపు నాకు దొరకల్ల కదా? మన ఇంటికి వచ్చినాక మనం చెప్పిన చోటే ఉండల్ల." అని ఆ రాతంతా చెరిపేసి, ఒక్కో అక్షరం కీబోర్డు మీద వెతుక్కుంటూ డి, కోలన్, వాలు గీత, SRI అని కొట్టాడు. సాఫ్ట్‌వేరూ డిజైన్లూ ఒకే ఫోల్డర్లో పడ్డాయి.

అప్పట్లో అందులో తప్పేమీ లేదు. ఒద్దికైన ఇన్‌స్టాలరు తాను ఏ ఏ ఫైళ్లు తెచ్చి పెట్టిందో గుర్తు రాసుకుంటుంది. పొమ్మన్నప్పుడు తనవి మాత్రమే ఏరుకుని పోతుంది. ఇంకేదైనా మిగిలి ఉంటే ఆ ఫోల్డరును ముట్టుకోదు. ఇంకో సంగతి. బ్రౌజ్ బొత్తాం నొక్కి చోటు ఎంచుకుంటే చివర తన పేరుతో ఒక ఫోల్డరు తానే తగిలించుకుంటుంది. చేత్తో టైపు చేస్తే ఆ మర్యాద ఉండదు, రాసింది రాసినట్టే తీసుకుంటుంది. మామ చేత్తో టైపు చేశాడు.

మా కంపెనీ కొత్త వెర్షను తెచ్చిన ఏడు, ఇన్‌స్టాలరును మా సీనియర్ రాశాడు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాడు, చురుకైనవాడు. పాత వెర్షను ఫైళ్లు అక్కడక్కడా మిగిలిపోయి కొత్తదాన్ని ఇబ్బంది పెడుతున్నాయని ఫిర్యాదులు ఉండేవి. దానికి ఆయన కనిపెట్టిన మందు సూటిగా ఉంది: పాతది ఏ ఫోల్డర్లో ఉందో కనుక్కో, ఆ ఫోల్డరును మొత్తం తుడిచెయ్యి, అదే చోట కొత్తది పెట్టు.

అమ్మకాలవాళ్లు తొందరపెట్టడంతో నా జాబితా పూర్తికాకముందే సీడీలు కొట్టించారు. ఐదో పరీక్ష నేను చేసింది ఆ తర్వాత ఒక పొద్దుటి పూట. ఒక ఫోల్డరు చేసి, పాత వెర్షను అందులో వేసి, పక్కన నాలుగు బొమ్మలు, రెండు ఉత్తరాలు పెట్టి, కొత్త సీడీ వేశాను. నీలి గీత ఎక్కడా తడబడకుండా చివరిదాకా నడిచింది. 'సక్సెస్‌ఫుల్లీ' అన్న మాట వచ్చింది. ఫోల్డరు తెరిచాను. అంతా కొత్తగా, శుభ్రంగా ఉంది. బొమ్మలు లేవు. ఉత్తరాలు లేవు. ఒక హెచ్చరిక కూడా రాలేదు. అది తప్పు చేసినట్టు ఎక్కడా కనబడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

సీనియర్‌ను పిలిచి చూపించాను.

"సొంత ఫైళ్లున్న ఫోల్డర్లో సాఫ్ట్‌వేర్ ఎవడు వేస్తాడు బాస్?" అన్నాడు. "డిఫాల్ట్ పాత్ ఇచ్చాం కదా. అందరూ నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. నువ్వు టెస్టింగ్ చేస్తున్నావా, హారర్ కథలు రాస్తున్నావా?"

"మా మామ వేశాడు."

"మీ మామ ఒక్కడి కోసం రిలీజ్ ఆపమంటావా?"

"రిలీజ్ ఇంకా అవలేదు కదా?"

"సీడీలు నిన్ననే కొరియర్‌లో వెళ్లిపోయాయి. బెంగుళూరువి ఈ పాటికి చేరిపోయుంటాయి కూడా. నెక్స్ట్ ప్యాచ్‌లో చూద్దాంలే. ముందు మీ మామకి ఫోన్ కొట్టు, చెప్తే సరిపోతుంది."

ఆయనకు ఆ ఇంటి ఫోన్ సంగతి తెలియదు. అది కింద, మగ్గాల పక్కన గోడకు ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ మగ్గాలు ఆడతాయి. మగ్గాలు ఆడినంతసేపూ ఫోన్ మోగినా ఎవరికీ వినబడదు. ఆ ఇంటికి ఫోన్ కలిసేది కరెంటు పోయినప్పుడే. మా బంధువులందరికీ అది అలవాటు, అటు ఎవరైనా ఫోన్ ఎత్తగానే "ఏం, మీకు కరెంటు లేదా?" అన్నదే మొదటి పలకరింపు.

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. అంటే అక్కడ కరెంటు ఉంది. అంటే కంప్యూటరు కూడా ఆడుతూ ఉండవచ్చు. దాన్ని ఆపమని చెప్పాలంటే ముందు అది తనంతట తానే ఆగాలి.

సంచి సర్దుకున్నాను. కంప్యూటరును తన డిస్కు ముట్టకుండా మేల్కొలిపే ఫ్లాపీ, చెరిగిన ఫైళ్లను వెలికితీసే ప్రోగ్రాం ఉన్న ఇంకో ఫ్లాపీ, ఆఫీసులో ఊరికే పడున్న ఒక హార్డ్ డిస్కు, దాని కేబులు, స్క్రూడ్రైవరు. ఇవి ఎందుకు పెట్టుకుంటున్నానో నాకు నేను చెప్పుకోలేదు. మార్కెట్టు బస్సు దొరికింది.

బన్నేరుఘట్ట రోడ్డు మీద బస్సు ఆగుతూ ఆగుతూ నడిచింది. కొరియర్ ఇంకా చేరి ఉండదు అనుకున్నాను. చేరినా మామ మంచి గంట చూడకుండా వేయడు అనుకున్నాను. ఆ వెంటనే, ఇవాళే మంచి గంట అయి ఉంటే, అనిపించింది. డెయిరీ సర్కిలు దగ్గర బస్సు నిలిచిపోయింది. ముందు వాహనాలన్నీ అడ్డదిడ్డంగా ఇరుక్కుని ఉన్నాయి. సిగ్నల్ స్తంభం మీద ఎర్ర దీపమూ లేదు, పచ్చ దీపమూ లేదు.

కరెంటు పోయింది. ఒక్క ఉదుటున దిగి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతులోకి దూరాను. బళేపేటలో కూడా పోయిందో లేదో తెలియదు. మోగింది. మళ్లీ మోగింది. ఎత్తారు.

"ఎవురూ?" మా అత్త గొంతు.

"నేనత్తా. మీకు కరెంటు లేదా?"

"లేదప్పా, ఇప్పుడే పోయినాది. యాడనుంచి మాట్లాడతా ఉండావు? మీ యమ్మ కాళ్ల నొప్పి తగ్గినాదా?"

"తగ్గిందత్తా. మా ఆఫీసు నుంచి సీడీ ఏమైనా వచ్చిందా?"

"రాకేమి! పొద్దున్నే వచ్చినాది. మీ మామ దాన్ని చేతిలో పట్టుకోని, అల్లుడు చేసినాడు, అల్లుడు చేసినాడు అని గాజుల అంగడాయనకు గూడా చూపించొచ్చినాడు. టిఫిను మీదికే తెమ్మన్నాడు. పెండ్లికొడుకు మాదిరి కూచోనుండాడు దాని ముందర."

"వేశాడా?"

"ఏస్తా ఉంటేనే కదప్పా కరెంటు పోయినాది! ఆ నీలిగీత సగందాకా పోయినాదంట, అంతలో పుటుక్కుమన్యాది. మీద కూచోని కరెంటోళ్లను తిడతా ఉండాడు, నీకు ఇనపడల్యా?"

సగం. నా పరీక్షలో ఆ గీత మొదటి పావు భాగం పాతదాన్ని తుడవడం. అక్కడి నుంచి చివరిదాకా కొత్తదాన్ని రాయడం. సగం అంటే తుడవడం అయిపోయింది, రాయడం మొదలైంది.

తుడిచిన ఫైలు వెంటనే పోదు. ఆ కాలపు డిస్కుల్లో, పేరులోని మొదటి అక్షరాన్ని చెరిపి, ఈ చోటు ఖాళీ అని గుర్తు పెడతారు, అంతే. లోపలి బొమ్మ ఉన్నచోటే ఉంటుంది, దాని మీద ఇంకోటి వచ్చి పడేదాకా. ఇప్పుడు కరెంటు లేదు కాబట్టి ఏదీ వచ్చి పడటం లేదు. ఆ యంత్రం అలాగే ఆగి ఉంటే తాత గీసినవి చాలావరకు బతికి ఉన్నట్టే. ఆన్ చేస్తే, కిందటిసారి అర్ధాంతరంగా ఆగింది కాబట్టి, ముందు డిస్కంతా తడుముతుంది. సీడీ లోపలే ఉంది కాబట్టి ఇన్‌స్టాలరు మళ్లీ తానే లేచి, మిగతా సగం రాస్తుంది.

"అత్తా, బాగా విను. మామకు ఇప్పుడే చెప్పు. కరెంటు వచ్చినాక కంప్యూటరు ఆన్ చెయ్య..."

ఆ క్షణంలో కరెంటు వచ్చింది. స్విచ్చులు వేసే ఉన్నాయేమో, మగ్గాలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఫోన్లో ఇక అదే మోత.

"చెయ్యాకు! చెయ్యాకు అత్తా! ఆన్ చెయ్యాకు!"

"ఆఁ? ఆఁ! సరేప్పా!" మగ్గాల పైనుంచి ఆమె అరుస్తోంది. "ఆన్ చెయ్యమంటా! చెప్తా, చెప్తా!"

పెట్టేసింది. మళ్లీ చేశాను. మోగుతూనే ఉంది.

చెయ్యమన్నా, వద్దన్నా మా మాట ఒకేలా మొదలవుతుంది. వద్దన్న సంగతి చివరికి గానీ బయటపడదు. ఆ చివర మగ్గాల్లో పడిపోయింది.

ఆటో ఎక్కాను. వెలిగిన సిగ్నళ్లన్నిటి దగ్గరా ఆగుతూ వెళ్లాం. దారి పొడుగునా దీపాలున్నాయి. మిక్సీల చప్పుడు, రేడియోల చప్పుడు. అంత వెలుతురు చూసి నేనెప్పుడూ అలా కుంగిపోలేదు. బళేపేట మూల దగ్గర బండ్లు కదలకపోతే దిగి, గాజుల పెట్టెల మధ్య నుంచి పరుగెత్తాను. సందు మలుపులోనే మగ్గాల మోత వినిపించింది.

మేడ మీద మామ నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"రా అల్లుడూ! నువ్వే వచ్చేస్తివి. కరెంటు రాంగానే ఆన్ చెయ్యమన్నావంటనే? చేసినా. ఏందో నీలం తెర వచ్చి శానాసేపు గీకతా కూచున్యాది. నేనేమీ ముట్టలేదు, సుమ్నే, ఊరికే చూస్తా ఉన్యా. మళ్లా నీ సీడీ బొమ్మ దానంతట అదే వచ్చినాది. నొక్కినా. చూడు, సక్సెస్‌ఫుల్లీ అంట."

తెర మీద ఆ మాటే ఉంది.

"డిజైన్లు తెరిచి చూశావా మామా?"

"ఇంకా ల్యా. కొత్తదాంట్లో మొదట నాయన హంస అంచు తెరవల్ల, అది గూడా నీ చేత్తోనే అని పెట్టుకోనుండా. కూచో, తెరువు."

నేను కూర్చోలేదు. వంగి గోడ దగ్గరి ప్లగ్గు పీకేశాను. తెర ఆరిపోయింది. మామ నా వంక కాక ఆ ఆరిపోయిన తెర వంకే చూస్తున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను, మగ్గాల మోత మీదుగా, చెవి దగ్గర నోరు పెట్టి. అంతా విన్నాక, "నాయన గీసినవి?" అన్నాడు.

"అవీ అందులోనే ఉన్నాయి కదా మామా. అన్నీ ఖాళీ చోటు అని గుర్తు పెట్టేసింది. మీద ఏమీ రాయకుండా ఉంటే తీయొచ్చు."

"రాసినాదా?"

"రాసింది. ఎక్కడ రాసిందో తెరిస్తే గానీ తెలీదు."

అత్త మెట్ల దగ్గర నిలబడి ఉంది. "నువ్వే కదప్పా ఆన్ చెయ్యమన్యావు," అంది. "నేను చెవులారా ఇన్యా."

"వద్దన్నానత్తా. మగ్గాలు మొదలైనాయి."

ఆమె కిందికి దిగిపోయింది. కాసేపటికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం వినిపించింది. పనిచేసే వేళలో, కరెంటు ఉండగా ఆ ఇంట్లో మగ్గాలు ఆగడం నేను అదే మొదటిసారి చూడటం.

పెట్టె విప్పి, దొరికినవి దించుకోవడానికి తెచ్చిన డిస్కు తగిలించి, ఫ్లాపీతో లేపాను. వెలికితీసే ప్రోగ్రాం డిస్కంతా వెతుక్కుంటూ పోయి, నల్ల తెర మీద మొదటి వరస చూపించింది: ?RI. పక్కన, మొదటి అక్షరం ఏది అన్న ప్రశ్న.

"ఏమంటాది?" అన్నాడు మామ. ఆయనకు అంత చిన్న అక్షరాలు కనబడవు.

"పేరుకు మొదటి అక్షరం పోయింది మామా, చెప్పమంటోంది. ఇది శ్రీ. నేను కొడతాలే."

"శ్రీకి తల పోయినాదా," అన్నాడు.

ఎస్ కొట్టాను. ఆ తర్వాత ఒక్కొక్క డిజైనూ అలాగే తల లేకుండా వచ్చింది. నేను మిగిలిన అక్షరాలు చదివాను, ఆయన కళ్లు మూసుకుని మొదటిది చెప్పాడు. ?AMSA. "హంస. హెచ్ పెట్టు." ?UDRAKSH. "రుద్రాక్ష, ఆర్." ?OPURAM. "గోపురం." ?EMALI. "నెమలి. అది నాది, నాయనది కాదు." ?ALLI అని ఒకటి వచ్చింది, కిందనే మళ్లీ ?ALLI. నేను ఆగాను. మల్లి ఒకటి ఉండాలి. కన్నడంలో తీగను బళ్ళి అంటారు; అదొక అంచు. ఏది ఏదో తెర చెప్పదు.

"ముందర వచ్చినాది బళ్ళి," అన్నాడు మామ. "నాయనది. ముందర ఎక్కించినా. మల్లి నేను తర్వాత గీసినాను, మీ అత్త కోసరం."

పేర్లన్నీ తిరిగి వచ్చాయి. ఒక్కటీ తప్పలేదు. అత్త కాఫీ తెచ్చి పెట్టి, పేర్లు వినబడుతుంటే అక్కడే నిలబడింది. ఆ కాసేపూ గదిలో ఎవరైనా మమ్మల్ని చూస్తే ఇక అంతా బాగైపోయిందనే అనుకుంటారు. నేను మాత్రం ప్రతి పేరు పక్కనా ప్రోగ్రాం రాస్తున్న ఇంకో మాట చూస్తున్నాను. మామ గీసినవాటి పక్కన 'గుడ్' అని ఉంది. తాతవాటి పక్కన, ఎక్కువ వాటికి, 'పూర్' అని ఉంది. ముందు ఎక్కించినవి డిస్కులో ముందు ఉన్నాయి. కొత్త ఫైళ్లు వచ్చినప్పుడు ముందున్న ఖాళీనే ముందు నింపుకున్నాయి.

"హంస తెరువు," అన్నాడు మామ.

సాఫ్ట్‌వేర్ మళ్లీ వేయడానికి నేను తెచ్చిన హార్డ్ డిస్కునే వాడాను. ఆ తెల్లటి గడి వచ్చినప్పుడు నా వేళ్లు కాసేపు ఆగాయి. దాని రాత దానికే వదిలేసి, హంస తెరిచాను. వీలైనంత పెద్దది చేశాను, ఆయనకు కనబడాలని. ముక్కు వచ్చింది, తల వచ్చింది, మెడ వంపు, రెక్క మొదలు వరకు ఒక్క చుక్క తేడా లేకుండా తాత గీసింది గీసినట్టే వచ్చింది. అక్కడి నుంచి కిందికి హంస లేదు. గళ్లు ఉన్నాయి, నిండి కూడా ఉన్నాయి, కానీ ఏ బొమ్మకూ చెందని చుక్కలు. అది మా ప్రోగ్రాంలోని ఏదో ముక్క. అదే చోట రాయబడి, ఇప్పుడు హంస పేరుతో బయటికి వచ్చి, అంచులా కనబడుతోంది.

మామ కుడి కన్ను తెరకు దాదాపు ఆనించి, పై నుంచి కిందికి వేలితో తడుముతూ చూశాడు. రెక్క దాటాక వేలు నెమ్మదించింది. ఆ చుక్కల్లో వరస వెతుకుతున్నాడు. చాలాసేపు వెతికాడు.

"ఎవురప్పా నేసినారు దీన్ని?" అన్నాడు.

రుద్రాక్ష తెరిచాను, పైన రెండు పూసలు, మిగతా అంతా అదే మనిషి నేత. బళ్ళి అసలు తెరుచుకోలేదు. గోపురం శిఖరం దాకా బాగుంది, అడుగు లేదు. మామవన్నీ నిండుగా వచ్చాయి. ఆయన వాటిని చూడనన్నాడు.

పొద్దు వాలుతుండగా మళ్లీ కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. కింద ఫోన్ మోగింది.

మా సీనియర్. మామ ఇంటి నంబరు ఆఫీసులో నా కాగితాల్లో చూశాడట. "పొద్దున ఎన్నిసార్లు చేశాను తెలుసా? ఎవరూ ఎత్తలేదు. ఏమైంది మీ మామ దగ్గర?"

చెప్పాను. "బాస్, ధర్మవరం నుంచి ఒక కస్టమర్ కాల్ చేశాడు," అన్నాడు. "పొద్దున సీడీ వచ్చిందంట. ఇన్‌స్టాల్ అవుతుంటే మధ్యలో పవర్ పోయిందంట. అక్కడ పోతే సాయంత్రం దాకా రాదంట కదా. నేను క్యాజువల్‌గా అడిగాను, ఏ ఫోల్డర్ ఇచ్చారండీ అని."

"ఏమన్నాడు?"

"శ్రీ, అన్నాడు."

ఆ తర్వాత ఆయన చెప్పాల్సింది ఇంకొకటి ఉందని ఆ గొంతులోనే తెలిసింది.

"కంగారు పడకండి, పవర్ రాగానే మళ్లీ ఆన్ చెయ్యండి, అదే పూర్తి చేసుకుంటుంది, అని చెప్పాను. ఇప్పుడు చేస్తుంటే నాకు లైన్ కలవట్లేదు. నువ్వు ట్రై చెయ్."

ఆయన చెప్పిన నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. మామ మెట్లు తడుముకుంటూ దిగి వచ్చి నా వెనక నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. శ్రీ అని ఆయన ఒక్కడే రాస్తాడని నేను ఇన్నాళ్లూ ఎలా అనుకున్నానో నాకే తెలియలేదు. కంచిలో, సేలంలో, ధర్మవరంలో మగ్గం ముందు కూర్చునేవాడు ఎవడైనా చోటు అడిగితే మొదట ఏం రాస్తాడు?

"ఆయప్పకు ఇంకా కరెంటు రాల్యా?" అన్నాడు మామ.

"తెలీదు మామా."

"ముందు వద్దు అను అల్లుడూ. పేరు గూడా చెప్పాకు. వద్దు అనేది ముందు చెప్పు, తక్కినదంతా తర్వాత."

దూరపు ఊళ్లకు ఎవరూ చేయకుండా ఫోన్‌కు వేసిన ఎస్టీడీ తాళం అత్త తీసింది. నంబరు తిప్పాను. మొదటిసారి కలవలేదు. రెండోసారి కలిసింది. మోగుతోంది. ఆ ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, రిసీవరులో ఆ మోత గదిలో ఉన్న ముగ్గురికీ వినబడుతోంది. అక్కడా మగ్గాలు ఆగి ఉంటేనే ఎవరికైనా ఇది వినబడుతుంది.

ఎత్తారు.

"హలో, ఎవరండీ?" అంది ఒక మగ గొంతు, తీరుబడిగా, పక్కన కూర్చున్న మనిషిలా స్పష్టంగా. ఆ గొంతు వెనక ఎక్కడో ఒక మగ్గం కదిలింది.

"వద్దు," అన్నాను.